3 కేవీఏ జనరేటర్ మీద ఫ్రిజ్, కూలర్లు, బోరు మోటారు ఒకేసారి నడపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: దేవరకొండ దగ్గర ఊరు, గాలిదుమారం లేచి కరెంటు పోతే ఒక్కోసారి తెల్లారేదాకా రావట్లేదు, అందుకని సెకండ్ హ్యాండ్‌లో 3 కేవీఏ పెట్రోల్ జనరేటర్ కొన్నారు. ఫ్రిజ్, రెండు కూలర్లు, టీవీ, ఫ్యాన్లు, ఒక హెచ్‌పీ బోరు మోటారు అన్నీ కలిపి నడపాలని ఉంది, కానీ మొన్న మోటారు స్టార్ట్ బటన్ నొక్కగానే జనరేటర్ మూలిగి ఆగిపోయింది. వానకు తడవకుండా ఇంటి ముందున్న కిరాణా కొట్టు లోపల పెట్టి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ ప్లగ్గులోకి కరెంటు ఇవ్వొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. బోరు మోటారు తప్ప మిగతావన్నీ నడుస్తాయి. బోరు మోటారు మాత్రం ఆ జనరేటర్ మీద ఒక్కటే వేసినా లేవదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే మోటారో జనరేటరో ఏదో ఒకటి కాలుతుంది. కొట్టు లోపల పెట్టొద్దు, షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచినా సరే వద్దు. ఆ రెండు పిన్నుల వైరు అయితే ఇప్పుడే కోసి పక్కన పడేయండి. ఇక వివరంగా రాస్తాను, నాది నల్లగొండలో మోటారు రీవైండింగ్ షాపు, పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు జనరేటర్లు కిరాయికి కూడా ఇస్తుంటాం కాబట్టి ఇవన్నీ రోజూ చూసే సంగతులే.

ముందు ఆ 3 కేవీఏ సంగతి. అది చూసి 3000 వాట్లు వస్తాయనుకుంటారు చాలామంది. పవర్ ఫ్యాక్టర్, అంటే కేవీఏలో వాట్లుగా నిజంగా పనికొచ్చే వంతు, 0.8 లెక్కన అది 2400 వాట్లే. అందులోనూ బాడీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలావాటికి మ్యాగ్జిమమ్, అంటే కాసేపు మోయగలిగేది మాత్రమే. రేటెడ్ అని ఇంకో చిన్న అంకె ప్లేటు మీద ఉంటుంది, గంటల తరబడి నడపడానికి అదే లెక్క. మీది పాత పెట్రోల్-కిరోసిన్ మోడల్ అయితే కిరోసిన్ మీద ఇంకా తక్కువ ఇస్తుంది. నేనైతే రేటెడ్‌లో కూడా 80 శాతం దాటనివ్వను, ఎందుకంటే మన దగ్గర జనరేటర్‌తో ఎక్కువ పని పడేది ఏప్రిల్, మే నెలల్లోనే, ఆ ఎండల్లో గాలి పలచబడి ఇంజన్ ప్లేటు మీద రాసినంత బలం ఇవ్వదు. ఆంపియర్లలో చూస్తే 3000ని 230తో భాగించండి, 13 వస్తుంది. మీరు 10 ఆంపియర్ల దగ్గరే ఆగండి. టాంగ్ టెస్టర్ ఒకటి కొనుక్కుంటే జనరేటర్ నుంచి వచ్చే ఫేజ్ వైరుకు తగిలించి ఎంత గుంజుతోందో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. లెక్కలు కాగితం మీద ఎన్ని వేసినా దాని మీద కనిపించే అంకెను మించింది లేదు.

ఇప్పుడు మీ ఇంటి లోడు. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150 వాట్లు, కూలర్లు ఒక్కోటి 200 అనుకుంటే 400, టీవీ 100, నాలుగు మామూలు ఫ్యాన్లు 300, ఎల్ఈడీ బల్బులన్నీ కలిపి 50. మొత్తం 1000 వాట్ల చిల్లర. ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ చార్జింగ్‌కు ఇంకో రెండు మూడు వందలు కలుపుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు, కరెంటు పోయి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది కదా, జనరేటర్ వేయగానే అది కూడా గుంజడం మొదలుపెడుతుంది. అయినా 1300 దగ్గర ఉంటారు, భయం లేదు. వేడి చేసే వస్తువులే కొంప ముంచుతాయి: ఇస్త్రీ పెట్టె 1000, నీళ్లలో పెట్టే హీటర్ రాడ్డు 1500, గీజర్ 2000, ఇండక్షన్ స్టవ్ ఫుల్ మీద పెడితే 2000. జనరేటర్ నడుస్తున్నంతసేపు వీటి జోలికి పోవద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, ముఖ్యంగా పొద్దున్నే స్నానాల వేళ.

ఇక అసలు విషయం, బోరు మోటారు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అది మోటారు బయటికిచ్చే బలం. లోపలికి తీసుకునేది అంతకంటే చాలా ఎక్కువ, సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ (బోరు నీళ్లలో మునిగి ఉండే మోటారు) అయితే నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇది చూసి 13లో 8 పోతే ఇంకా 5 మిగిలింది కదా అనిపిస్తుంది. కానీ మోటారు ఆగి ఉన్నప్పుడు, రోటర్ ఇంకా తిరగడం మొదలుపెట్టక ముందు, కరెంటుకు దానిలో పెద్దగా అడ్డే ఉండదు. స్పీడ్ అందుకునేదాకా, అంటే అర సెకనో సెకనో, నడిచే కరెంటుకు నాలుగైదు రెట్లు, ఒక్కో మోటారు ఆరు రెట్లు కూడా లాగుతుంది. అంటే 30 ఆంపియర్ల పైన. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏనో 100 కేవీఏనో ఉంటుంది, దానికి ఈ గుంజుడు లెక్కలోకే రాదు. 13 ఆంపియర్ల జనరేటర్‌కు మాత్రం వోల్టేజీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది, వోల్టేజీ పడితే మోటారుకు తిరిగే బలం రాదు, తిరగకపోతే గుంజుడు తగ్గదు. మొన్న మీది మూలిగి ఆగిపోయింది ఇందుకే. ఆగిపోవడమే మంచిదైంది.

ఆగకుండా సగం సగం మోసిందనుకోండి, అప్పుడే ప్రమాదం. హాలియా వైపు నుంచి ఒక రైతు మోటారు పట్టుకొచ్చాడు, బోరులోంచి తీసి తెచ్చేసరికే ఆయనకు కూలీ ఖర్చు తడిసి మోపెడైంది. విప్పి చూస్తే స్టార్టింగ్ వైండింగ్, అంటే మోటారు లేవడానికి మాత్రమే పనికొచ్చే తీగ చుట్ట, బొగ్గులా మాడిపోయి వేలితో గీకితే పొడి రాలుతోంది, పక్కనే రన్నింగ్ కాయిల్స్ రంగు కూడా మారలేదు. ఆ తేడా చూస్తేనే తెలిసిపోతుంది మోటారు స్పీడ్ అందుకోలేదని. అడిగితే చెప్పాడు, చిన్న జనరేటర్ మీద లేవకపోతే బటన్ పట్టుకుని అలాగే నొక్కి ఉంచారట, ఒకసారి కాదు, వరుసగా. దయచేసి ఆ పని చేయకండి. ఒకసారి నొక్కాక రెండు సెకన్లలో లేవకపోతే ఆపేయాలి, అంతే.

ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు నేను 5 కేవీఏ కంటే తక్కువ ఇవ్వను. అది కూడా సింగిల్ ఫేజ్ జనరేటర్ అయి ఉండాలి. త్రీ ఫేజ్ 5 కేవీఏ తెచ్చి ఒక ఫేజ్ మీద సింగిల్ ఫేజ్ మోటారు వేస్తే మీకు అందేది అందులో మూడో వంతు, 1.7 కేవీఏ కూడా సరిగా రాదు. కిరాయికి తెచ్చుకునేటప్పుడు ఈ ముక్క తప్పకుండా అడగండి. కొందరు స్టార్టర్ ప్యానెల్‌లో కెపాసిటర్లు పెంచితే చిన్న జనరేటర్ మీద కూడా లేస్తుందని చెప్తారు. కెపాసిటర్ పాతబడి బలం తగ్గి ఉంటే అదే విలువది కొత్తది వేయడం మంచిదే, లేవడానికి సాయపడుతుంది. కంపెనీ చెప్పిన విలువకు మించి పెంచితే మాత్రం వైండింగ్ మీద భారం పడుతుంది.

ఓవర్‌లోడ్ అవుతోందని ఎలా తెలుస్తుంది? మీటర్ లేకపోయినా తెలుస్తుంది. ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బల్బులు డిమ్ అవుతూ వెలుగుతూ ఉంటాయి, పొగ గొట్టంలోంచి నల్లగా వస్తుంది, ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. ఎంసీబీ ట్రిప్ అయితే దాన్ని లోడు తగ్గించకుండా మళ్లీ మళ్లీ పైకెత్తొద్దు. ఇన్వర్టర్ టైప్ జనరేటర్ అయితే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది కానీ ఎర్ర లైటు వెలిగి సప్లై ఆగిపోతుంది. వోల్టేజీ 200 కిందికి పడితే నేను లోడు తీసేస్తాను, ఎందుకంటే తక్కువ వోల్టేజీ మీద ఫ్రిజ్ కంప్రెసర్, కూలర్ పంపు ఇంకా ఎక్కువ కరెంటు గుంజి వేడెక్కుతాయి. ఇంకోటి, బల్బులు డిమ్‌గా ఉన్నాయని గవర్నర్ స్క్రూ తిప్పి ఇంజన్ స్పీడ్ పెంచే మెకానిక్కులున్నారు. మన 50 హెర్ట్జ్‌కు ఈ చిన్న జనరేటర్లు సాధారణంగా 3000 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి. దాన్ని కదిలిస్తే లోడు తీసిన క్షణంలో వోల్టేజీ ఎగిరి టీవీ పోతుంది.

నడిపే వరుస కూడా ముఖ్యం. లోడు ఏమీ లేకుండా స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత ముందుగా ఎక్కువ గుంజే మోటారు వస్తువు, మీ ఇంట్లో అయితే ఫ్రిజ్. అది లేచి సర్దుకున్నాక ఒక కూలర్, కాసేపాగి ఇంకోటి, ఆ తర్వాత టీవీ, లైట్లు. అన్నీ ఆన్‌లో పెట్టి జనరేటర్ తాడు గుంజితే మోటార్లన్నీ ఒకేసారి లేవాలని చూస్తాయి. ఫ్రిజ్‌కు ఇంకో సంగతి ఉంది, కరెంటు పోయిన వెంటనే మళ్లీ ఇస్తే లోపల గ్యాస్ ప్రెషర్ దిగక కంప్రెసర్ లేవలేక మూలుగుతుంది, ఐదు నిమిషాలు ఆగి ఇవ్వండి. ఆపేటప్పుడు ఉల్టా, ముందు లోడు తీసేసి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి అప్పుడు ఆపాలి.

కొట్టు లోపల పెట్టడం గురించి. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చే వాసన పొగలోని మిగతావాటిది, అది పలచబడింది కదా అని నిమ్మళంగా ఉండటానికి లేదు. ఆ గ్యాస్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది కానీ ఒంటికి గాలి అందదు. నిద్రలో ఉన్నవాళ్లకు అసలు తెలియదు. మా దగ్గర కిరాయికి తీసుకున్న ఒక మొబైల్ షాపు ఆయన శబ్దం ఎక్కువగా ఉందని జనరేటర్‌ను వెనక గదిలోకి జరిపి షట్టర్ సగం దించుకున్నాడు. గంటలోపే ఫోన్, జనరేటర్ బాగానే నడుస్తోంది గానీ నాకూ కుర్రాడికీ తల పగిలిపోతోంది, వాంతికి వస్తోంది అని. వెంటనే ఇద్దరూ బయటికి రండి, ముందు మీరు రండి, జనరేటర్ సంగతి తర్వాత అని అరిచి చెప్పాం. సమయానికి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది.

జనరేటర్‌ను ఇంటి నుంచి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగ గొట్టం తలుపులకు, కిటికీలకు ఎదురుగా లేకుండా పెట్టండి. వరండా, మెట్ల కింద, కారు షెడ్డు, పశువుల కొట్టం, గోనె పట్టాలతో మూడు వైపులా మూసిన మండపం వెనక భాగం, ఇవన్నీ లోపలి కిందే లెక్క. జనరేటర్ నడుస్తుండగా ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే ముందు అందర్నీ బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. మరి వాన సంగతి ఏమిటంటే, నాలుగు గుంజలు పాతి పైన రేకు వేయించండి, నాలుగు వైపులా ఖాళీగా, కింద జానెడు ఎత్తు గట్టు. జనరేటర్ మీద పట్టా కప్పి నడపడం మాత్రం వద్దు, వేడికి పట్టా అంటుకుంటుంది. తడి చేతులతో ప్లగ్గులు ముట్టుకోవద్దని వేరే చెప్పాలా.

దూరంగా పెడితే వైరు పొడుగవుతుంది, అప్పుడు వైరు మందం చూడాలి. 50 మీటర్ల దూరానికి 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగితే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 18 వోల్టులు దారిలోనే పోతాయి, అదే 2.5 స్క్వేర్ ఎంఎం అయితే 7 వోల్టులు. కాబట్టి మీకు 2.5కి తక్కువ వద్దు. అల్యూమినియం అయితే ఇంకో సైజు పెద్దది. చుట్ట మీద వైరు ఉంటే మొత్తం విప్పి పరిచి వాడాలి. చుట్టి ఉంచి లోడు వేస్తే వేడి బయటికి పోక లోపలి చుట్లు మెత్తబడి అతుక్కుపోతాయి, అలాంటి చుట్టలు టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర ఎన్ని చూశానో.

ఇప్పుడు ఆ రెండు పిన్నుల వైరు. గోడ ప్లగ్గులోంచి కరెంటు వెనక్కి ఎక్కిస్తే మీ ఇంట్లోనే ఆగదు, మీటరు దాటి సర్వీస్ వైరు మీదుగా స్తంభానికి పోతుంది, అక్కణ్నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు. ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను మనకు తగ్గించి ఇస్తుంది కదా, వెనక నుంచి 230 ఇస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులకు పెంచి పైకి పంపుతుంది. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపించుకునే అనుమతి) తీసుకుని లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కుతాడు. మెయిన్ ఆఫ్ చేసి వేస్తాం కదా అని చాలామంది అంటారు. చీకట్లో, వానలో, ఇంట్లో ఇంకొకరు తెలియక మెయిన్ ఎత్తితే? పక్కిళ్ల లోడుకే జనరేటర్ ఆగిపోతుంది, లైను దాకా పోదు అని ఇంకో వాదన. గాలిదుమారంలో వైర్లు తెగినప్పుడు మీ సర్వీస్ వైరు ఒక్కటే స్తంభం నుంచి విడిపోయి వాకిట్లో పడి ఉండొచ్చు, అప్పుడు జనరేటర్ ఆగదు, ఆ వైరు తొక్కిన మనిషో గొడ్డో పోతుంది. అసలు కరెంటు ఎకాఎకి తిరిగొస్తే రెండు సప్లైలు ఢీకొని జనరేటర్ కాలుతుంది. పైగా ఆ ప్లగ్గు గోడలోంచి జారితే పిన్నుల మీదే 230 వోల్టులు ఉంటాయి, పిల్లలున్న ఇల్లు.

దీనికి సరైన దారి చేంజోవర్ స్విచ్. మీటరు తర్వాత 32 ఆంపియర్ల డబుల్ పోల్ చేంజోవర్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి, ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా మారాలి, ఫేజ్ ఒక్కటే మార్చేది వద్దు. పైకి అంటే లైను, కిందికి అంటే జనరేటర్, రెండూ కలవడానికి వీలే ఉండదు. అది పెట్టించే వరకు జనరేటర్ ప్లగ్గు నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఫ్రిజ్, కూలర్ నేరుగా దానికే పెట్టుకోండి. తెగిన వైరు కనిపిస్తే దగ్గరికి పోకుండా కరెంటు ఆఫీసు ఫిర్యాదు నంబరు 1912కి చెప్పండి.

ఎర్త్ గురించి రెండు మాటలు. మన వైపు ఎర్ర నేల, కింద బండ, ఎండాకాలం గుంత ఎండిపోయి రాడ్డు ఉన్నా లేనట్టే. ఉప్పు, బొగ్గు వేసి గుంత చేయించి వేసవిలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉంటే జనరేటర్ మీద కూడా కాపాడుతుందని ఊరికే నమ్మకండి. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు, అలాంటప్పుడు టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతుంది కానీ నిజంగా లీకేజీ వచ్చినప్పుడు అది పని చేయకపోవచ్చు. చేంజోవర్ పెట్టే ఎలక్ట్రీషియన్‌నే మీ మోడల్‌కు ఏది సరైనదో చూసి చేయమనండి, మీరు సొంతంగా కలపొద్దు.

సెకండ్ హ్యాండ్ కాబట్టి వస్తువులు తగిలించక ముందే మల్టీమీటర్‌తో ఖాళీ వోల్టేజీ చూడండి, 220 నుంచి 240 మధ్య ఉండాలి. 260 దాటితే ఏవీఆర్‌ను, అంటే జనరేటర్ వోల్టేజీని అదుపులో ఉంచే భాగాన్ని, అనుమానించండి, ఏమీ తగిలించొద్దు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కదా, వెంటనే మార్చేసి తర్వాత 100 గంటలకోసారి మారుస్తుండండి. పెట్రోల్ పోసేటప్పుడు ఇంజన్ ఆపి, చల్లారే దాకా ఆగాలి, వేడి సైలెన్సర్ మీద రెండు చుక్కలు పడితే చాలు. కొట్టులో పెట్రోల్ నిల్వ ఉంచొద్దు, కిరాణా సరుకు పక్కన అసలే వద్దు. నెలకు పైగా వాడకపోతే పెట్రోల్ కాక్ మూసి దానంతటదే ఆగేదాకా నడపండి, ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, కార్బురేటర్‌లో నిలిస్తే జెట్ మూసుకుపోయి అవసరమైన రాత్రే స్టార్ట్ కాదు.

ఇక నీళ్లెలా అంటారు. 5 కేవీఏ కొనే ముందు ఇది ఆలోచించండి. 2018 జనవరి 1న మన రాష్ట్రంలో వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు, మీకు జనరేటర్ అవసరం పడేది ఏడాదిలో కొన్ని రాత్రులే. కరెంటు ఉన్నప్పుడు బోరుతో సంపు నింపి పెట్టుకోండి, మబ్బు పట్టినట్టు కనిపిస్తే ముందే నింపండి. సంపు నుంచి పైన ట్యాంకుకు అర హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే బాడీలో ఉండేది) చాలు, అది నడిచేటప్పుడు 3, 4 ఆంపియర్లు, లేచేటప్పుడు 15 చిల్లర, ఆ ఒక్క క్షణం మంచి కండిషన్‌లో ఉన్న 3 కేవీఏ తట్టుకుంటుంది. ఫ్రిజ్, కూలర్లు ఆపి, మోనోబ్లాక్ ఒక్కటే వేసి, ట్యాంకు నిండాక దాన్ని ఆపి మళ్లీ మిగతావి వేసుకోండి. సంపు లేకపోతే చెప్పండి, మీ బోరు మోటారు ప్లేటు ఫొటో, జనరేటర్ ప్లేటు ఫొటో రెండూ పెట్టండి, అంకెలు చూసి చెప్తాను.